పాత సెయిల్‌బోట్ డీజిల్ ఇంజిన్‌కి థ్రాటిల్ సరిచేయడం: ఇంజిన్ దగ్గర మొదలుపెట్టండి, లివర్ దగ్గర కాదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చెన్నైలో ఉంటూ స్నేహితుడితో కలిసి 28 అడుగుల పాత సెయిల్‌బోట్ కొన్నారు. అందులో రెండు సిలిండర్ల యాన్మార్ 2జీఎం20 డీజిల్ ఇంజిన్ ఉంది. కాక్‌పిట్‌లో, అంటే బోటు నడిపేవాళ్ళు కూర్చునే చోట, లివర్ చివరిదాకా తోసినా 2600 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటడం లేదు. న్యూట్రల్‌కి తెచ్చినా 1200 కిందికి దిగడం లేదు, అందువల్ల గేర్ వేసినప్పుడల్లా ఠక్కుమని కొడుతోంది. లివర్ మీద చెయ్యి తీస్తే దానంతట అదే వెనక్కి జారిపోతోంది. వచ్చి చూసిన మెకానిక్ "ఇంజిన్ పక్కన సీల్ వేసిన స్క్రూ ఉంది, సీల్ తెంచి రెండు చుట్లు తిప్పితే స్పీడ్ వస్తుంది" అన్నాడు. అది తిప్పొచ్చా, ఈ పని మీరే చేసుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ సీల్ తెంచకండి, ఆ స్క్రూ తిప్పకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే లోపం ఇంజిన్‌లో కంటే కేబుల్‌లో ఉండే అవకాశమే ఎక్కువ. కేబుల్ పని మీరిద్దరూ ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. ఒకరు కాక్‌పిట్‌లో, ఒకరు కింద ఇంజిన్ దగ్గర ఉండాలి. రెండు మూడు స్పానర్లు, మంచి టార్చి, పుల్లీ మీద మెరిసే టేపు అంటించి స్పీడ్ చదివే ఆప్టికల్ టాకోమీటర్ ఉంటే చాలు. కాకపోతే వరస తప్పకూడదు. చాలామంది లివర్ దగ్గర మొదలుపెట్టి ఇంజిన్ వైపు వెళ్తారు. మీరు ఇంజిన్ దగ్గర మొదలుపెట్టి లివర్ వైపు రండి.

నేను కాశిమేడులో చేపల బోట్ల ఇంజిన్లతో పని మొదలుపెట్టి, తర్వాత హార్బర్ లోపల ఉండే యాట్ల ఇంజిన్లు కూడా చూస్తూ వచ్చినవాణ్ణి. "స్పీడ్ రావడం లేదు" అని పిలిచిన బోట్లలో సీల్ వేసిన స్క్రూ తిప్పాల్సి వచ్చింది నాకు గుర్తున్నంతలో ఒక్కటీ లేదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు ఆ స్క్రూ సంగతే తేల్చేద్దాం. ఇంజిన్ స్పీడ్‌ని అదుపులో ఉంచే భాగం గవర్నర్, కేబుల్ తగిలించేది దాని ఆర్మ్‌కి. ఆ గవర్నర్ ఆర్మ్ పూర్తి స్పీడ్ వైపు తిరిగినప్పుడు ఇంకా ముందుకు పోకుండా ఆపే హద్దు ఆ స్క్రూ. మీ ఆర్మ్ ఆ హద్దు దాకా వెళ్తోందా? మీరు పెట్టిన ఫోటోలో లివర్ ఫుల్‌లో ఉందని రాశారు, కానీ ఆర్మ్‌కీ స్క్రూకీ మధ్య వేలు పట్టేంత ఖాళీ కనిపిస్తోంది. ఆర్మ్ అక్కడిదాకా చేరనప్పుడు హద్దుని ఇంకా వెనక్కి జరిపితే ఏం ఒరుగుతుంది? ఈ రోజు ఏమీ కాదు. రేపు ఎవరో కేబుల్ బాగుచేస్తారు, అప్పుడు ఆర్మ్ కొత్త హద్దు దాకా వెళ్తుంది, 3600 కోసం తయారుచేసిన ఇంజిన్ 4000 పైకి పరుగెడుతుంది. పిస్టన్, కనెక్టింగ్ రాడ్ల మీద పడే బలం స్పీడ్ వర్గంతో పెరుగుతుంది. స్పీడ్ 10 శాతం పెరిగితే ఆ బలం 21 శాతం పెరుగుతుంది. పాత ఇంజిన్‌కి ఇది చాలా ఎక్కువ. పైగా ఈ ఇంజిన్‌లో సీల్ వేసిన స్క్రూ ఇంకొకటి కూడా ఉంటుంది, అది స్పీడ్‌కి కాదు, డీజిల్ మోతాదుకి. రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి. తెలియక రెండోది తిప్పితే నల్ల పొగ, వేడి, చివరికి పిస్టన్ పాడవడం. ఆ రెండూ సరిగ్గా పెట్టాలంటే పంపు టెస్ట్ బెంచ్, ఇంజిన్ మాన్యువల్ ముందుండాలి.

ఇక లివర్ నిజంగా ఏం చేస్తుందో తెలిస్తే మిగతాదంతా సులువు. పెట్రోల్ ఇంజిన్‌లో ఎక్సలేటర్ గాలి దారిని తెరుస్తుంది. మీ డీజిల్ ఇంజిన్‌లో గాలి దారికి మూత లేదు, గాలి ఎప్పుడూ పూర్తిగానే వెళ్తుంది. మీ లివర్ కేబుల్ ద్వారా గవర్నర్ ఆర్మ్‌ని తిప్పుతుంది, ఆ ఆర్మ్ లోపల ఒక స్ప్రింగ్‌ని సాగదీస్తుంది. అటువైపు ఇంజిన్‌తో పాటు తిరిగే చిన్న బరువులు ఉంటాయి. స్పీడ్ పెరిగేకొద్దీ అవి బయటికి విచ్చుకుని డీజిల్ తగ్గించాలని చూస్తాయి, స్ప్రింగ్ పెంచాలని చూస్తుంది. ఆ రెండూ ఎక్కడ సరితూగితే అక్కడ ఇంజిన్ నిలుస్తుంది. అంటే లివర్ "ఇంత డీజిల్ ఇవ్వు" అని చెప్పదు, "ఇంత స్పీడ్ మీద ఉండు" అని చెప్తుంది. ఎదురుగాలి వచ్చినా, అల తగిలినా డీజిల్ ఎంత కావాలో గవర్నరే చూసుకుంటుంది.

దీన్నుంచి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, ఆ స్ప్రింగ్ ఎప్పుడూ ఆర్మ్‌ని ఐడిలింగ్ వైపు, అంటే ఇంజిన్ ఊరికే మెల్లగా తిరిగే కనీస స్పీడ్ వైపు, లాగుతూనే ఉంటుంది, మీ లివర్ వెనక్కి జారడానికి కారణం అదే. రెండు, ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే ఆర్మ్ ఎక్కడుందో స్పీడ్ అక్కడుంటుంది. కాబట్టి మొదట చూడాల్సింది మీటర్ కాదు, ఆర్మ్.

మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట రెండు చివరలా తేడా ఉంది అన్నది. పైన స్పీడ్ తక్కువ, కింద స్పీడ్ ఎక్కువ. కేబుల్ ఒక్క చివర పొట్టిదో పొడుగుదో అయితే తేడా ఒకవైపే ఉంటుంది. కింద 1200 అయితే పైన లివర్ చివరికి చేరకముందే ఆర్మ్ హద్దుకి తగిలేస్తుంది. పైన స్పీడ్ చాలకపోతే కింద బుద్ధిగా 850 చుట్టూ ఉంటుంది. అలాంటిది చివరి నట్టు తిప్పితే సరిపోతుంది. రెండు వైపులా తక్కువైందంటే ఆర్మ్ మొత్తం తిరగాల్సినంత తిరగడం లేదు. దానికి ముఖ్యమైన కారణాలు మూడు: కేబుల్ తప్పు రంధ్రంలో ఉంది, కేబుల్ లోపల బిగుసుకుంది, లేదా కేబుల్ బయటి తొడుగు పట్టు వదిలి కదులుతోంది. ఇవి కాక ఇంకొక అవకాశం ఉంది. ఎవరో గేర్ వేస్తే ఇంజిన్ ఆగిపోతోందని ఐడిలింగ్ స్క్రూని పైకి తిప్పి వదిలేసి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్ బోట్లలో ఇది మామూలే. ఏది అన్నది కేబుల్ విప్పితే అయిదు నిమిషాల్లో తెలుస్తుంది.

మొదటి పరీక్ష: కేబుల్ విప్పి చేత్తో. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం ఆ ఇంజిన్ గూట్లో కూర్చోలేరు. మెట్లు తీస్తే ఇంజిన్ ముందు భాగం కనిపిస్తుంది. ఇంజిన్ ఆపి ఉండగానే గవర్నర్ ఆర్మ్ నుంచి కేబుల్ చివర విప్పండి. ఆర్మ్‌ని చేత్తో పూర్తిగా ముందుకి, పూర్తిగా వెనక్కి తిప్పి చూడండి. రెండు చివరలా లోహానికి లోహం తగిలినట్టు గట్టిగా ఆగాలి. వదిలితే తడబడకుండా ఐడిలింగ్ స్క్రూ మీదికి తిరిగి రావాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తుంటే ఉప్పు పేరుకున్నట్టే. ఇరుసు దగ్గర తుప్పు వదిలించే నూనె కొట్టి, కాసేపు ఆగి, అది సాఫీగా కదిలేదాకా ముందుకీ వెనక్కీ ఆడించండి.

తర్వాత సముద్రపు నీటి వాల్వ్ తెరిచి, న్యూట్రల్‌లో ఇంజిన్ స్టార్ట్ చేసి బాగా వేడెక్కనివ్వండి. స్పీడ్ పెంచేముందే స్టాప్ నాబ్ లాగితే ఇంజిన్ ఆగుతుందో లేదో ఖాయం చేసుకోండి, ఆపే దారి చేతికందే దగ్గర లేకుండా స్పీడ్ పెంచే పరీక్ష చేయకూడదు. ఫ్యాన్ బెల్ట్ పక్కనే తిరుగుతుంటుంది కాబట్టి వదులు చొక్కా, లుంగీ, మెడలో తువ్వాలు వద్దు. ఇప్పుడు ఆర్మ్‌ని చేత్తో మెల్లగా హద్దు దాకా తిప్పి, రెండు మూడు సెకన్లు ఆగి, ఆప్టికల్ మీటర్‌తో పుల్లీ స్పీడ్ చదివి వదిలేయండి. లోడ్ లేని ఇంజిన్‌ని అంతకంటే ఎక్కువసేపు రేస్ చేయొద్దు.

ఈ ఇంజిన్‌కి పూర్తి లోడ్‌లో గరిష్ఠం 3600 ఆర్‌పీఎం, ఆపకుండా నడపడానికి 3400. లోడ్ లేకుండా అయితే 3800 చుట్టుపక్కలకి వెళ్ళాలి. మీ చేతి పరీక్షలో అంత వచ్చిందంటే సంతోషించండి: ఇంజిన్, పంపు, గవర్నర్ బాగున్నాయి, లోపమంతా కేబుల్‌లోనో లివర్‌లోనో ఉంది. చేత్తో తిప్పినా 2600 దగ్గరే ఆగిపోతే దారి వేరు. అప్పుడు డీజిల్ ఫిల్టర్, ట్యాంక్ నుంచి వచ్చే పైపు, గాలి లీకు, ఎగ్జాస్ట్ మోచేతి పైపులో పేరుకున్న మసి చూడాలి.

బోటులో ఉన్న ఆర్‌పీఎం మీటర్‌ని మాత్రం నమ్మకండి. కొన్ని బోట్లలో అది ఆల్టర్నేటర్ నుంచి సిగ్నల్ తీసుకుంటుంది. ఎవరైనా ఆల్టర్నేటర్ మార్చి వేరే సైజు పుల్లీ వేసి ఉంటే అది చూపించే అంకెంతా తప్పే.

చేత్తో తిప్పే ముందు స్టాప్ కేబుల్ కూడా చూడండి, దీన్ని అందరూ వదిలేస్తారు. స్టాప్ నాబ్ లాగితే డీజిల్ పూర్తిగా మూసుకుని ఇంజిన్ ఆగుతుంది. నాబ్ లోపలికి తోసినప్పుడు ఇంజిన్ దగ్గర స్టాప్ లివర్ పూర్తిగా వెనక్కి వెళ్ళకపోతే డీజిల్ సగం మూసినట్టే ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, ఐడిలింగ్ బాగుంటుంది, పైకి మాత్రం ఎక్కదు. ఈ లక్షణంతో ఫిల్టర్లు, నాజిళ్ళు అన్నీ మార్చేసి నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. స్టాప్ కేబుల్‌ని విప్పి ఆ స్టాప్ లివర్‌ని చేత్తో వెనక్కి నెడితే చాలు, తేడా వెంటనే తెలుస్తుంది.

ఇంకొక మాట. ఆ 2600 న్యూట్రల్‌లో వచ్చిందా, గేర్‌లో వచ్చిందా అన్నది మీరు రాయలేదు. సగం సమాధానం అందులోనే ఉంది. న్యూట్రల్‌లో స్పీడ్ బాగా ఎక్కి, గేర్‌లో మాత్రమే 2600 దగ్గర ఆగిపోతుంటే కేబుల్‌ని తప్పుపట్టలేం. ఇంజిన్ మోయలేనంత లోడ్ పడుతోందని అర్థం. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బోటు కదలకుండా ఉండిపోతుంది కదా. ఇక్కడి వెచ్చని నీళ్ళలో ప్రొపెల్లర్‌కి బార్నకిల్స్ అనే చిన్న సముద్ర జీవులు పెంకుల్లా అతుక్కోవడానికి ఆ మాత్రం వ్యవధి చాలు. జనవరిలో ఒక యజమాని నన్ను థ్రాటిల్ చూడమని పిలిచాడు. లివర్, కేబుల్, ఆర్మ్ అన్నీ సరిగ్గా ఉన్నాయి, హద్దు దాకా వెళ్తున్నాయి. మనిషిని నీళ్ళలోకి దింపితే ప్రొపెల్లర్ రెక్కల అంచు కూడా కనబడనంతగా పట్టేసి ఉంది. గీకించాక అదే లివర్, అదే కేబుల్‌తో పూర్తి స్పీడ్ వచ్చింది. కేబుల్ మీద చెయ్యి వేసేముందు మీరూ ఒకసారి కింద చూపించుకోండి.

ఇప్పుడు చేతి పరీక్షలో 3800 వచ్చిందనుకుందాం. ఆర్మ్ దగ్గర విప్పిన కేబుల్‌ని అలాగే ఉంచి, మీ స్నేహితుణ్ణి కాక్‌పిట్‌లో లివర్ మెల్లగా ముందుకీ వెనక్కీ కదపమనండి. మీరు టార్చి వేసి కేబుల్ కడ్డీని కాదు, బయటి తొడుగుని చూడండి. తొడుగు బిగించిన క్లాంప్ దగ్గర వెంట్రుకవాసి కూడా కదలకూడదు. సైకిల్ బ్రేక్ వైరు తొడుగు జారిపోతే మీట ఎంత నొక్కినా బ్రేక్ పడదు కదా, ఇక్కడా అంతే. తొడుగు ఎంత కదిలితే ఆర్మ్‌కి అంత ప్రయాణం తగ్గుతుంది, అదీ రెండు వైపులా. మీ లక్షణాలకి ఇదే నా మొదటి అనుమానం. తొడుగు చివర లోహపు ముక్క మీద ఒక గాడి ఉంటుంది, క్లాంప్ ఆ గాడిలో కూర్చోవాలి. గాడి వదిలి పక్కన ప్లాస్టిక్ మీద క్లాంప్ వేసినవి, పాత క్లాంప్ పోతే ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టినవి ఎన్నో చూశాను.

ఒక బోటు సంగతి చెప్తాను. స్పీడ్ రావడం లేదని యజమాని ఇంజెక్షన్ పంపు విప్పించి పంపు షాపుకి పంపాడు. వాళ్ళు సర్వీస్ చేసి బిల్లు వేసి తిరిగి ఇచ్చారు. బిగించాక స్పీడ్ అంతే. మళ్ళీ విప్పుదామంటున్న సమయంలో నేను వెళ్ళాను. లివర్ కదుపుతుంటే గోడకి ఉన్న బ్రాకెట్టే ఊగుతోంది. దాన్ని పట్టుకున్న స్క్రూల్లో ఒకటి కుళ్ళిన ప్లైవుడ్‌లోంచి ఊడి వచ్చేసింది. అవతలి వైపు నుంచి ప్లేటు పెట్టి బోల్టులతో బిగిస్తే పని అయిపోయింది. పంపుకి ఏ లోపమూ లేదు, ఖర్చు మాత్రం అయిపోయింది. ఆ డబ్బుతో ఆయన కొత్త కేబుళ్ళు రెండూ వేసుకుని ఉండేవాడు.

తొడుగు కదలడం లేదంటే కేబుల్ రెండో చివర కూడా లివర్ పెట్టె దగ్గర విప్పండి. రెండు వేళ్ళతో కడ్డీని లాగి తోసి చూడండి. ఎక్కడా పట్టకుండా సాఫీగా జారాలి. గరగరమంటూ ఆగి ఆగి కదిలితే కేబుల్ పని అయిపోయింది. లోపల ఆయిల్ పోసి బతికించే ప్రయత్నం చేయొద్దు. ఉప్పు తేమ దిగి లోపలి తీగ తుప్పు పట్టి, లైనింగ్ గీసుకుపోయి ఉంటుంది. ఆయిల్‌తో కొన్నాళ్ళు బాగున్నట్టు అనిపించి, సరిగ్గా హార్బర్ ముఖద్వారం దగ్గర మళ్ళీ పట్టేస్తుంది. కొత్తది వేయడమే మంచిది. కేబుల్ దారిలో మలుపులు కూడా చూసుకోండి. ఈ రకం కేబుల్ ఎక్కడ వంగినా ఆ వంపు వ్యాసార్థం 200 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. పొడుగు కేబుల్ కొని మిగిలినదాన్ని చుట్ట చుట్టి లాకర్‌లో కుక్కితే కొత్తదైనా బిగుసుగానే ఉంటుంది.

కేబుల్ కొనేటప్పుడు జాగ్రత్త. పుదుపేటలో కారు ఎక్సలేటర్ కేబుల్ చవకగా దొరుకుతుంది కదా అని తేవద్దు, అది లాగడానికి మాత్రమే పనికొస్తుంది. మీకు కావాల్సింది తోయడానికీ లాగడానికీ పనికొచ్చే మెరైన్ కేబుల్. ఈ సైజు ఇంజిన్లకి మామూలుగా వాడేది 33సీ రకం. దాని ప్రయాణం 3 అంగుళాలు, అంటే 76 మిల్లీమీటర్లు. పాత కేబుల్ తొడుగు మీద పొడవు ముద్రించి ఉంటుంది, చూసి అదే పొడవు తీసుకోండి.

ఇక్కడ ఒక చిన్న విషయం, దీన్ని దగ్గరగా చూడండి. ఆ 33సీ కడ్డీ చివర ఉండేది 10-32 అనే ఇంచీల త్రెడ్. మీ ఇంజిన్ జపాన్‌ది, దాని నట్టులన్నీ మిల్లీమీటర్లవి. 5 ఎంఎం నట్టు ఈ 10-32 కడ్డీ మీదికి హాయిగా ఎక్కేస్తుంది, ఎందుకంటే రెండింటి కొలతలూ చాలా దగ్గర. కానీ పట్టు ఉండదు, అటూ ఇటూ ఊపితే నట్టు కడ్డీ మీద ఆడుతుంది. ఇంజిన్ వణుకుకి కొన్నాళ్ళకి త్రెడ్ అరిగి ఊడిపోతుంది. ప్యారిస్ కార్నర్ వీధుల్లో నట్టు కొనేటప్పుడు కేబుల్ చివర ముక్కని వెంట తీసుకెళ్ళి, ఎక్కించి, ఊపి చూసి కొనండి. లాక్ నట్ తప్పనిసరి. చివరి జాయింట్‌లోకి కడ్డీ త్రెడ్ కనీసం కడ్డీ మందానికి ఒకటిన్నర రెట్లు దిగి ఉండాలి.

ఇప్పుడు బిగించే పని. థ్రాటిల్ కంటే ముందు గేర్ కేబుల్. మీది ఒకే లివర్‌తో గేర్, స్పీడ్ రెండూ నడిపే రకం. లివర్ కదలికలో మొదటి భాగం గేర్‌కి, ఆ తర్వాతది స్పీడ్‌కి. గేర్ పూర్తిగా పడకముందే స్పీడ్ మొదలైతే గేర్‌బాక్స్‌లోని కోన్ క్లచ్ జారుతూ అరిగిపోతుంది. ఇంజిన్ శబ్దం పెరిగినా బోటు మాత్రం ముందుకి కదలకపోతే అది ఆ జారుడే. కాబట్టి గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ విప్పి, గేర్ ఆర్మ్‌ని చేత్తో ముందుకి చివరిదాకా, వెనక్కి చివరిదాకా తోసి, రెండు చోట్లా మార్కర్‌తో గీత పెట్టుకోండి. కేబుల్ తగిలించి కాక్‌పిట్ లివర్‌తో వేసినప్పుడు ఆర్మ్ రెండు గీతల దాకా వెళ్ళాలి, న్యూట్రల్‌లో సరిగ్గా మధ్యలో నిలవాలి. ఒకవైపు చేరి ఇంకోవైపు చేరకపోతే కేబుల్ చివర తిప్పి పంచండి.

ఆ తర్వాత ఐడిలింగ్. కేబుల్ ఇంకా విప్పి ఉండగానే, ఇంజిన్ వేడి మీద ఉండగా ఐడిలింగ్ స్క్రూ లాక్ నట్ వదులు చేసి 850 చుట్టూ పెట్టుకోండి. దీనికి సీల్ ఉండదు, మీరు తిప్పదగిన స్క్రూ ఇదొక్కటే. మరీ తగ్గిస్తే గేర్‌బాక్స్ గలగలమంటుంది, ఆల్టర్నేటర్ చార్జ్ చేయదు. 1000 దాటితే గేర్ పడ్డ ప్రతిసారీ ఇప్పుడు మీకు వినిపిస్తున్న ఆ ఠక్కే. 850 దగ్గర ఇంజిన్ ఊగుతుంటే స్పీడ్ పెంచి దాచిపెట్టకండి, డీజిల్‌లో గాలి ఉందేమో చూడండి.

చివరగా థ్రాటిల్ కేబుల్. లివర్ న్యూట్రల్‌లో పెట్టండి. ఆర్మ్ ఐడిలింగ్ స్క్రూ మీద ఆని ఉండగా కేబుల్ చివరి జాయింట్ లాగకుండా, తోయకుండా దానంతట అది రంధ్రంలో కూర్చోవాలి. అలా కూర్చునేదాకా జాయింట్‌ని కడ్డీ మీద తిప్పి సరిచేయండి. సరిపోయిందో లేదో కంటితో చెప్పలేరు. బిల్లు కాగితం చిన్న ముక్క ఒకటి చించి ఆర్మ్‌కీ స్క్రూకీ మధ్య పెట్టండి. లాగితే కాగితం చిరిగేంత గట్టిగా పట్టి ఉండాలి. సులువుగా జారి వచ్చేస్తే కేబుల్ ఆర్మ్‌ని ఎత్తి పట్టుకుందని అర్థం. తర్వాత లివర్‌ని ముందుకి చివరిదాకా తోసి, అవతలి హద్దు దగ్గరా అదే కాగితం పరీక్ష. అక్కడా పట్టుకోవాలి. రివర్స్‌లో కూడా ఒకసారి చూడండి. ఇదంతా ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే చేయాలి.

పైన కాగితం పట్టలేదా? అప్పుడు రంధ్రాల సంగతి. ఆర్మ్ మీద రెండు మూడు రంధ్రాలు ఉంటాయి. ఇరుసుకి దగ్గరగా ఉన్న రంధ్రంలో కేబుల్ తగిలిస్తే అదే లాగుడుకి ఆర్మ్ ఎక్కువ తిరుగుతుంది, దూరపు రంధ్రంలో తక్కువ తిరుగుతుంది. మీలా రెండు వైపులా చాలనప్పుడు దగ్గరి రంధ్రానికి మారాలి. లివర్ పెట్టెలో మాత్రం దీనికి తలకిందులు: అక్కడ ఇరుసుకి దూరంగా ఉన్న రంధ్రం ఎక్కువ ప్రయాణం ఇస్తుంది. లివర్ సగంలో ఉండగానే ఆర్మ్ హద్దుకి తగులుతుంటే ఆర్మ్ మీద దూరపు రంధ్రానికి మార్చండి. అలాగే వదిలేసి ప్రతిసారీ లివర్‌ని బలంగా తోస్తే కేబుల్ విల్లులా వంగి, క్లాంప్ గాడి వదిలేస్తుంది. మీ బోటులో జరిగింది ఇదే అయినా నేను ఆశ్చర్యపోను. రంధ్రం మార్చాక కేబుల్ కడ్డీ ఆర్మ్‌కి సూటిగా ఉందో, పక్కకి వంకరగా లాగుతోందో కూడా చూడండి. వంకరైతే బ్రాకెట్ జరపాలి.

లివర్ జారడం సంగతి ఆఖరున పెట్టుకోండి. లివర్ పెట్టెలో థ్రాటిల్‌కి ఒక ఫ్రిక్షన్ స్క్రూ ఉంటుంది. చాలా రకాల్లో కవర్ తీస్తే కనిపిస్తుంది. గవర్నర్ స్ప్రింగ్ లాగుడుని, ఇంజిన్ వణుకుని తట్టుకుని లివర్ నిలిచేంత వరకే బిగించండి, ఒక్క చేత్తో తేలిగ్గా కదలాలి. కేబుల్ బాగుచేయకముందే దీన్ని బిగిస్తే బిగుసుకున్న కేబుల్ ఏదో, బిగించిన స్క్రూ ఏదో మీకే తెలియకుండా పోతుంది.

పని అయ్యాక జెట్టీకి కట్టి ఫుల్ స్పీడ్ పరీక్ష చేయకండి. కదలని బోటులో ప్రొపెల్లర్ మీద లోడ్ ఎక్కువ పడుతుంది, అంకె తక్కువ చూపిస్తుంది. తాళ్ళకీ ప్రమాదమే. హార్బర్ లోపల అలలు లేని చోట, అనుమతి ఉన్న దారిలో, ఎదురుగా ఖాళీ చూసుకుని మెల్లగా పెంచండి. లోడ్‌లో 3400 నుంచి 3600 మధ్య వచ్చిందంటే ఇంజిన్, ప్రొపెల్లర్, థ్రాటిల్ మూడూ సరిపోయినట్టు. మామూలుగా వెళ్ళేటప్పుడు 2600 నుంచి 2900 దగ్గర నడుపుకుంటే ఇంజిన్‌కి హాయి. ఆ ఫుల్ స్పీడ్ రోజూ అవసరం లేదు, కానీ ఓడలు తిరిగే దారిలో అల ఎదురైనప్పుడు అది లివర్ కింద సిద్ధంగా ఉండాలి. అందుకే దీన్ని చిన్న పనిగా చూడొద్దంటున్నాను.

కేబుల్ ఎప్పుడైనా సముద్రంలో తెగితే స్ప్రింగ్ ఆర్మ్‌ని ఐడిలింగ్‌కి తీసుకొచ్చేస్తుంది, ఇంజిన్ ఆగదు. ఒక చిన్న లాకింగ్ ప్లయర్, గజం సన్నని తాడు ఇంజిన్ దగ్గరే ఉంచుకోండి. ఆర్మ్‌ని 2000 చుట్టూ నిలిపి తాడుతో కట్టి తీరానికి రావచ్చు. కాకపోతే గేర్ మార్చేముందు ఒకరు కిందికి వెళ్ళి తాడు వదిలి ఐడిలింగ్‌కి తేవాలి. దీన్ని మీరిద్దరూ ఒకసారి హార్బర్‌లోనే చేసి చూసుకోండి.

ఎవరైనా పక్కన ఉంటే బాగుండు అనిపిస్తే హార్బర్‌లోని రాయల్ మద్రాస్ యాట్ క్లబ్‌లో అడగండి. 1911లో మొదలైన క్లబ్ అది, పాత బోట్లతో ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళు ఉంటారు.

ఇప్పటికి నాకు మూడు అంకెలు కావాలి. కేబుల్ విప్పి చేత్తో ఆర్మ్ తిప్పినప్పుడు పైన ఎంత వచ్చింది, కేబుల్ విప్పి వదిలేసినప్పుడు ఐడిలింగ్ ఎంత ఉంది, ఆ 2600 న్యూట్రల్‌లోదా గేర్‌లోదా. వీటితో పాటు లివర్ ఫుల్‌లో ఉన్నప్పుడు ఆర్మ్, క్లాంప్ రెండూ కనిపించేలా ఒక ఫోటో పెట్టండి. ఏ రంధ్రంలో ఉందో, ఎటు జరపాలో చూసి చెప్తాను.